పొయ్యి మానేసిన ఇంట్లో పచ్చి గుడ్డు

కాలవ గట్టునానుకుని ఉన్న కొబ్బరితోటలో పేర్రాజు, బుల్లెమ్మ దంపతులకి ఒక పెంకుటిల్లు ఉండేది. ఇంట్లో వాళ్ళ సంగతి మనకి కొంచెం తెలిస్తే చాలు, దొడ్లో వాళ్ళ సంగతే ముఖ్యం. దొడ్లో దూడతో పాటు బూదమ్మ అనే గేదె ఉండేది. నోట్లో నెమరు అయ్యేదాకా ఏ మాటకీ జవాబు చెప్పదు. చుక్కమ్మ అనే కోడిపెట్ట ఉండేది, దానికి రోజుకో బెంగ. మాణిక్యం అనే పిల్లి వంటింటి గుమ్మం మీద పుట్టి, అక్కడే పెరిగి, కష్టపడి ఎలకని పట్టడం తన స్థాయికి తగదనుకునేది. వీళ్ళందరికీ కాపలా సింగన్న అనే కుక్క. సింగన్న ఉన్నాడంటే భయం లేదని దొడ్డంతా నమ్మేది. అందరికంటే గట్టిగా సింగన్నే నమ్మేవాడు.

పేర్రాజుకి చాన్నాళ్ళుగా కడుపులో మంట. ఎవరో ప్రకృతి వైద్యుడు చెప్పాడని మొగుడూ పెళ్ళాం కొన్నాళ్ళపాటు పొయ్యి ముట్టించకుండా పచ్చివే తినాలని దీక్ష పట్టారు. పొద్దున్న మొలకెత్తిన పెసలు, వాటి మీద కాస్త కొబ్బరికోరు, నాలుగు చుక్కల నిమ్మరసం. మధ్యాహ్నం దోసకాయ, కేరట్టు, ఉల్లిపాయ ముక్కలు ఒక పళ్ళెంలో కలిపేస్తే అదే భోజనం. రాత్రికి నానబెట్టిన వేరుశెనగ గుళ్ళు, ఒక అరటిపండు. కత్తిపీట ముందు కాసేపు కూర్చుంటే మూడు పూటల పనీ తెమిలిపోయేది. పేర్రాజుకి మంట తగ్గింది. బుల్లెమ్మకి పొగ తప్పింది, మసిగిన్నెలు తోమే బాధ తప్పింది. ఇన్నేళ్ళూ నాచేత ఎందుకు వండించారని మొగుణ్ణి రోజుకోసారి నిలదీసేది. ఆయన ఇంకో దోసకాయ ముక్క నోట్లో వేసుకునేవాడు.

వాళ్ళకి బాగానే ఉంది. కాని పొయ్యి వెలగకపోతే అన్నం ఉండదు, అన్నం లేకపోతే గంజి ఉండదు. బూదమ్మ తాగే కుడితి వట్టి నీళ్ళయింది. చుక్కమ్మ ఏరుకునే మెతుకులు పోయాయి. మాణిక్యానికి చేప తలకాయలు కలలోకి రావడం మొదలైంది. అందరికంటే దెబ్బ తిన్నవాడు సింగన్న. బుల్లెమ్మ చెడ్డది కాదు. మాకు పడినప్పుడు దానికి మాత్రం పడదా అనుకుని సింగన్న చిప్పలో కూడా మొలకెత్తిన పెసలే పోసి, పైన దోసకాయ ముక్క పెట్టింది. మేకకైతే పండగే. సింగన్న ఆ పెసల్ని ఒకసారి నాకి, పక్కకి జరిగి కూర్చుని, గత్యంతరం లేక మళ్ళీ వచ్చి నాకేవాడు.

ఆకలేస్తోందని ఎవరికైనా చెప్పాడా అంటే, లేదు. కాపలా కాసేవాడు ఆకలని నోరు తెరిస్తే చులకనైపోతాడని అతని లెక్క. ఏం సింగన్నా, డొక్కలు లోపలికి పోయాయేమని బూదమ్మ అడిగితే, ఎండలు కదా వదినా అని తప్పించుకున్నాడు. ఆ పరువు వల్ల ఎంత పని జరిగిందో వినండి.

ఆ రోజుల్లోనే చుక్కమ్మ గడ్డిమేటు పక్కన ఒక పాత తట్టలో గుడ్లు పొదగడానికి కూర్చుంది. పొదిగే కోడి రోజుకి ఒక్కసారే లేస్తుంది, నాలుగు గింజలు ఏరుకుని, గుక్కెడు నీళ్ళు తాగి వస్తుంది. అలా లేచినప్పుడల్లా సింగన్నని పిలిచి, బాబాయ్, నేనొచ్చేదాకా కాస్త కనిపెట్టుకుని ఉండు అని అప్పజెప్పేది. సింగన్న తట్ట పక్కన కూర్చుని కాకిని కూడా వాలనిచ్చేవాడు కాదు.

ఒకరోజు చుక్కమ్మ అలా వెళ్ళగానే మాణిక్యం గోడ మీదనుంచి దిగి వచ్చి, మర్యాదగా కొంచెం దూరంలో కూర్చుంది.

"బావా, ఆ పెసలు నీకు అరగవు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

"పెట్టింది తినాలి," అన్నాడు సింగన్న.

"నేను కాదన్నానా? పొయ్యి ఎక్కనిది ఏదైనా తినొచ్చనే కదా ఈ ఇంటి కొత్త పద్ధతి. గుడ్డు కూడా అంతే. నానబెట్టక్కర్లేదు, కోయక్కర్లేదు. పెంకు పగిలితే భోజనమైనట్టే."

"అది చుక్కమ్మ బిడ్డ."

"ఇంకా బిడ్డ కాలేదు బావా, మొన్ననేగా కూర్చుంది. అన్ని గుడ్లూ పిల్లలవుతాయా ఏంటి? ఎలాగూ ఒకటో రెండో మురిగిపోతాయి. ఆ మురిగేదేదో నీ కడుపులో పడితే ఎవరికి నష్టం? నువ్వు నీరసపడితే కాపలా ఎవరు కాస్తారు? చుక్కమ్మ మంచికే చెబుతున్నాను."

సింగన్న లేచి పొమ్మన్నాడు. మాణిక్యం మారుమాట్లాడకుండా పోయింది. మాట మాత్రం పోలేదు. ఆ తట్టలోంచి వచ్చే వెచ్చటి వాసన అంతకుముందు కూడా ఉంది కాని అప్పటిదాకా అది అతనికి గుడ్ల వాసన, ఇప్పుడు అన్నం వాసన. మూతి ముందుకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. పెంకు పళ్ళ కింద చిట్లిన చప్పుడుకి అతనే ఉలిక్కిపడ్డాడు. అప్పటికి సొన గొంతు దిగిపోయింది. పెంకుని కూడా నమిలి మింగేశాడు.

"మూతి తుడుచుకో బావా, పసుపు అంటింది," అంది మాణిక్యం గోడ మీదనుంచి. అది ఎక్కడికీ పోలేదు.

చుక్కమ్మ తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చోబోయి ఆగింది. తన కింద పట్టే చోటు తల్లికి తెలుస్తుంది. ఒక పక్క ఖాళీ. సింగన్నని అనుమానించాలన్న ఆలోచనే రాలేదు దానికి. ఏ పామో గడ్డిమేటు వెనకనుంచి వచ్చి ఉంటుంది, బాబాయికి కనబడకుండా వచ్చి ఉంటుంది, నేను నీళ్ళ దగ్గర ఆలస్యం చేశాను, ఎండగా ఉందని రెండు గుక్కలు ఎక్కువ తాగాను అని తనని తానే తిట్టుకుంటూ ఏడ్చింది. సింగన్న చెబుదామని నోరు తెరిచాడు. గోడ మీద మాణిక్యం తోక కదిలింది. సింగన్న నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత చుక్కమ్మ తట్ట మీదనుంచి లేవడం మానేసింది. గింజలకి లేవదు, నీళ్ళకి లేవదు. తన దాహమే బిడ్డని పొట్టన పెట్టుకుందని నమ్మింది మరి. తల మీది జుట్టు వాలిపోయింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. చూడలేక సింగన్న తన చిప్పలోని పెసలూ దోసకాయ ముక్కా మూతితో నెట్టుకుంటూ తెచ్చి తట్ట ముందు పెట్టాడు. చుక్కమ్మ ఒక్కొక్క గింజే ఏరుకుని తింటూ, నువ్వు లేకపోతే ఈ దొడ్లో ఆడకూతురికి దిక్కెవరు బాబాయ్ అంది. ఆ రోజుల్లో సింగన్న ఆకలి ఏమైందో తెలియదు, నిద్ర మాత్రం పోయింది.

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. బూడిద రంగువి, పసుపువి, కిచకిచమంటూ దొడ్డంతా అవే. మధ్యాహ్నం ఎండకి, గద్దల భయానికి బుల్లెమ్మ వాటి మీద పెద్ద వెదురు గంప బోర్లించి ఇంట్లోకెళ్ళి నడుం వాల్చేది.

ఒక మధ్యాహ్నం మాణిక్యం సింగన్న దగ్గరికొచ్చి పక్కనే పడుకుంది. ఈసారి మర్యాద దూరం పాటించలేదు.

"ఆ గంప నేను ఎత్తలేను బావా. రేపు ఈ వేళకి నువ్వు మూతితో కాస్త ఎత్తి పట్టుకో. పెద్ద ఆశ లేదు నాకు, ఒక్కటి చాలు. గద్ద పట్టుకుపోయిందంటే చుక్కమ్మ నమ్ముతుంది. దేన్నైనా నమ్ముతుంది అది."

"ఎత్తను."

"ఎత్తకపోతే గుడ్డు ఏ పాము తిందో నేను చెప్పాల్సి వస్తుంది. అప్పుడిక ఈ దొడ్లో నిన్ను బాబాయ్ అని ఎవరంటారు?"

ఇవాళ ఒకటి, ఎల్లుండి ఇంకొకటి. పిల్లలన్నీ అయిపోయేదాకా ఇది ఆగదని సింగన్నకి తెలుసు. ఒక్క గుడ్డు సంగతి దాచుకోవడానికి ఆ తల్లి బిడ్డలందర్నీ ఇచ్చుకోవాలి. కుక్క పుట్టుక పుట్టి, కాపలా కాస్తూ, దొంగకి తలుపు తియ్యాలి. ఆ సాయంత్రం పేర్రాజు వచ్చి గేదెకి గడ్డి వేసి వెళ్ళాక, సింగన్న లేచి పాకలోకి నడిచాడు. చుక్కమ్మ బూదమ్మ కాళ్ళ దగ్గరే పిల్లల్ని తిప్పుతోంది.

"చుక్కమ్మా, నీ గుడ్డు పాము తినలేదు. నేను తిన్నాను."

చుక్కమ్మ మొదట అర్థం కానట్టు చూసింది. సింగన్న అన్నీ చెప్పాడు. పెసల సంగతి, ఆకలి సంగతి, మాణిక్యం అన్న మాటలు, తను మింగిన పెంకు, రేపటి గంప. ఎక్కడా తనని వెనకేసుకు రాలేదు. బూదమ్మ నెమరు వెయ్యడం ఆపేసింది.

చుక్కమ్మ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "గుడ్డు తిన్నావు, సరే. ఆకలికి తిన్నావు. నేను నీళ్ళు తాగడమే తప్పనుకుని ఎండిపోతుంటే పక్కనే కూర్చుని చూశావు. అదేమిటి బాబాయ్?"

సింగన్న తల దించుకున్నాడు. చుక్కమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుని మొహం తిప్పుకుంది.

బూదమ్మ అప్పుడు అంది. "ఆకలైతే నన్నడగాలయ్యా. పిండేటప్పుడు కాసిని పాలు ఎగచేపి దాచనా? నా దూడ తాగాక నువ్వు మూతి పెడితే నా సొమ్మేం పోతుంది? అవీ పచ్చివే. వాళ్ళ దీక్షకేం భంగం రాదు. ఇంత చిన్న మాట నోటితో చెప్పలేక ఎంత పని చేశావు."

సింగన్న ఏడ్చాడు. కుక్కలు ఏడిస్తే పెద్దగా చప్పుడు రాదు. చుక్కమ్మ అటు తిరిగే వింటోంది. మొహం ఇటు తిప్పకుండానే, రేపు ఆ పిల్లి ఏ వేళకి వస్తానంది అని అడిగింది. మధ్యాహ్నం గంప బోర్లించే వేళకే అన్నాడు సింగన్న. ఏం చెయ్యాలో చుక్కమ్మే చెప్పింది, సింగన్న విన్నాడు. క్షమించానని మాత్రం అది అనలేదు, అతనూ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం బుల్లెమ్మ గంప బోర్లించి ఇంట్లోకి వెళ్ళి పడుకుంది. ఆమె వెళ్ళగానే, మాణిక్యం ఇంకా రాకముందే, సింగన్న గంప ఎత్తాడు, చుక్కమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి బూదమ్మ మేత తొట్టి వెనక దాచేసింది. గంప మళ్ళీ నేలకి దిగింది, ఖాళీగా.

మాణిక్యం వచ్చింది. దాక్కుంటూ రాలేదు, పొంచి చూడలేదు, వాసన కూడా పట్టలేదు. దొడ్డి మధ్యలోంచి తన సొంత ఇంటికి వచ్చినట్టు వచ్చింది. సింగన్న భయం మీద దానికి అంత ధీమా. గంప దగ్గర ఆగి, ఊఁ అంది. సింగన్న గంప అంచు ఎత్తాడు. మాణిక్యం లోపలికి దూకింది. సింగన్న గంప వదిలేసి దాని మీద ముందరి కాళ్ళు పెట్టి, ఛాతీ ఆనించి, ఒళ్ళంతా బరువు వేసి కూర్చున్నాడు.

లోపల అటూ ఇటూ తిరిగి, గోళ్ళతో వెదురు గీకి, ఏమీ లేదని, ఏమైందో తెలుసుకోవడానికి మాణిక్యానికి ఎంతోసేపు పట్టలేదు. మొదట నవ్వుతున్నట్టు మాట్లాడింది. తర్వాత బతిమాలింది. చివరికి గంప కన్నాల్లోంచి దొడ్డంతా వినబడేలా అరిచింది.

"చుక్కమ్మా! ఇలా రా! నీ గుడ్డు ఎవరు తిన్నారో చెబుతాను, రా!"

చుక్కమ్మ తొట్టి వెనకనుంచి వచ్చి గంప ముందు నిలబడింది.

"చెప్పు," అంది. "నాకు తెలుసు."

గంప లోపల చప్పుడు ఆగిపోయింది. ఆ పిల్లి దగ్గర ఉన్న బలమంతా ఆ ఒక్క మాటే. ఇప్పుడది కూడా లేదు.

అప్పుడు సింగన్న మొరిగాడు. గుడ్డు తిన్ననాటినుంచి అతని గొంతు అంత స్పష్టంగా వచ్చింది అప్పుడే. బుల్లెమ్మ లేచి వచ్చింది. కోడిపిల్లల గంప కింద పిల్లిని చూసింది, సంగతి గ్రహించింది. పేర్రాజు దాన్ని గోనెసంచిలో వేసి కాలవకి అవతల ధాన్యం మిల్లు దగ్గర వదిలి వచ్చాడు. అక్కడ ఎలకలకి లోటు లేదు, పట్టుకుంటేనే తిండి. బుల్లెమ్మ మాత్రం గంప మీదనుంచి దిగిన సింగన్న పక్కటెముకలు చేత్తో తడిమి చూసింది. మా దీక్ష నీకెందుకు పెట్టాన్రా అంది. ఆ సాయంత్రం పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, దొడ్లో వాళ్ళ కోసం ఒక కుండ నూకలు ఉడికించింది. తనూ పేర్రాజూ మాత్రం పక్కన కూర్చుని దోసకాయలే తిన్నారు.

చుక్కమ్మ చాలా రోజులు సింగన్నని బాబాయ్ అని పిలవలేదు. సింగన్న దానికి బాధపడ్డాడు కాని, ఎవరికీ భయపడలేదు.

దాచుకున్న తప్పు మన మెడకి తాడు, దాని కొస ఎప్పుడూ చెడ్డవాడి చేతిలోనే ఉంటుంది. నోరు విప్పి ఒప్పుకున్న రోజే అది తెగుతుంది.