ఆక్షేపణ పీట మీద మహారాజు

ఒకానొక రాజ్యంలో రాజుకు ఏనుగుల పిచ్చి ఉంటుంది, ఇంకొక రాజ్యంలో వేట పిచ్చి ఉంటుంది. మునగవరం ఏలిన ప్రతాపసింగ మహారాజుకు మాత్రం వాదం పిచ్చి. ఏనుగులైతే ఇంత మేత పడేస్తే ఊరుకుంటాయి. వాదానికి రోజూ ఎవరో ఒకరు ఓడిపోవాలి కదా!

ఆ కొలువులో తాతల నాటి ఆచారం ఒకటుంది. రాజు ఏదైనా ధర్మం చెబితే, దాని మీద అభ్యంతరం ఉన్నవాళ్ళు సింహాసనం ఎదుట వేసిన పనసచెక్క పీట మీద కూర్చుని అడగవచ్చు. దాన్ని ఆక్షేపణ పీట అనేవారు. పీట మీద ఉన్నంతసేపు ఏం అడిగినా తప్పు లేదు. రాజు చెప్పిన జవాబుతో అడిగినవాడికి తృప్తి కలిగితే "కుదిరింది" అని లేస్తాడు. ఎంతకీ కుదరకపోతే ఆ ధర్మం శాసనంగా చెల్లదు.

ఆచారం బంగారం లాంటిదే. ప్రతాపసింగుల వారి హయాంలో దానికి చిన్న తెగులు పట్టింది. రాజుగారి జవాబు సగంలో ఉండగానే, సింహాసనం వెనక నిలబడ్డ వందిమాగధులు "కుదిరింది! కుదిరింది!" అని ఎలుగెత్తి అరిచేవారు. అడిగినవాడు బిక్కమొహం వేసుకుని లేచిపోయేవాడు. పోనుపోను పీట మీద దుమ్ము పేరుకుంది. తన మాటకు తిరుగే లేదనుకుని మహారాజు మీసం దువ్వుకున్నారు.

ఆ ఊపులో ఒక శాసనం వేయించారు. ఎవరైనా సరే, ఎవరితోనైనా సరే, ఏ కారణం చేతనైనా సరే అబద్ధమాడితే రాజ్యం పొలిమేర దాటిపోవలసిందే.

అందులో మొట్టమొదట చిక్కుకున్నది కోట వంటశాలలో పెద్ద వంటామె పేరిందేవి. ఆమె పొరుగింటి ముసలమ్మ కొడుకు సరిహద్దు యుద్ధంలో పోయాడు. ఆ కబురు వచ్చేసరికి ముసలమ్మకు ఆఖరి ఘడియలు నడుస్తున్నాయి. "నా కొడుకొచ్చాడా?" అని అడిగింది. పేరిందేవి ఆమె చెయ్యి పట్టుకుని, "వచ్చాడు వదినా, పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు" అంది. ముసలమ్మ పెరటి గుమ్మం వైపే చూస్తూ ప్రాణం విడిచింది.

పుణ్యాత్ములెవరో ఈ సంగతి రాజుగారి చెవిన వేశారు. పిలిపించి అడిగితే పేరిందేవి, "అబద్ధమే బాబూ" అని ఒప్పుకుంది. పౌర్ణమిలోగా పొలిమేర దాటాలన్నారు.

ఈ తీర్పు విని అందరికంటే ఎక్కువ కుంగిపోయినవాడు కొలువులో హాస్యం చెప్పే మల్లుభట్టు. తల్లి లేని పసివాడుగా కోటకు చేరిన నాటి నుంచి పేరిందేవి చేతి ముద్దతో పెరిగాడు. పరుగున వంటశాలకు వెళ్తే, ఆమె తన చీరలు మూట కట్టుకుంటోంది.

"పెద్దమ్మా, తప్పయిందని కాళ్ళ మీద పడరాదూ?"

"తప్పనిపిస్తే పడేదాన్నే నాయనా. అనిపించలేదు. ఇప్పుడు తప్పయిందంటే అది రెండో అబద్ధం కాదూ?" అంది ఆవిడ ముడి బిగిస్తూ.

ఈ వయసులో మళ్ళీ తల్లి లేనివాణ్ణవుతున్నానని మల్లుభట్టుకు దిగులు పుట్టింది. పోనీ తనే వెళ్ళి పీట మీద కూర్చుందామంటే, నోరు విప్పకముందే "కుదిరింది" అని అరిచేవాళ్ళు ఉండనే ఉన్నారు. వంటశాల గుమ్మంలో చతికిలబడి చాలాసేపు ఆలోచించాడు.

మర్నాడు కొలువు తీరగానే మల్లుభట్టు తన ఉత్తరీయంతో ఆక్షేపణ పీట తుడవడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, కూర్చుంటావా?" అన్నారు మహారాజు ఉత్సాహంగా.

"రామరామ! నాదెంత బతుకు ప్రభూ? తమ సత్యశాసనం మీద గట్టి ఆక్షేపణ ఇంతవరకూ ఎవరూ తేలేకపోయారు. అదే నా బెంగ. కాల్చని కుండ ఎంత అందంగా ఉన్నా నీళ్ళు పోయగలమా? దాన్ని కాల్చగలవాడు ఒక్కడైనా పీట ఎక్కాలి."

"అంతటి వాది ఎక్కడున్నాడు?"

"ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారు. తమరే!"

మహారాజు మొహం వెలిగిపోయింది. "మరి జవాబు చెప్పేదెవరు?"

"తమ జవాబులు విని విని నాకు కంఠతా వచ్చేశాయి. సింహాసనం పక్కన నిలబడి అప్పజెబుతాను."

మహారాజు దిగివచ్చి పీట మీద కూర్చున్నారు. పీట కిర్రుమంది. సెలవు తీసుకోవడానికి వచ్చిన పేరిందేవి, ఈ వింత చూస్తూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"దారి దోపిడీగాడొకడు కత్తి పట్టుకుని వచ్చి, బాటసారి ఎటు పోయాడని అడిగితే?" అన్నారు మహారాజు.

"దోపిడీ పాపం వాడిది, అబద్ధం పాపం నీది. వాడి పాపానికి నీ పాపం విరుగుడు కాదు" అన్నాడు మల్లుభట్టు, అచ్చం రాజుగారి గొంతుతో.

"కుదిరింది! కుదిరింది!" అన్నారు వందిమాగధులు.

మహారాజు ఉలిక్కిపడ్డారు. ఆ అరుపు ఎదటి వైపు నుంచి వినడం ఆయనకు అదే మొదలు. "ఉండండయ్యా, నేనింకా పూర్తి చేయలేదు. వైద్యుడు రోగికి ధైర్యం చెప్పడానికి..."

"ధైర్యం నిజంలో నుంచి రావాలి. అబద్ధం ఏ వైద్యగ్రంథంలోనూ మందు కాదు."

"కుదిరింది! కుదిరింది!"

"ఏం కుదిరింది? నన్ను చెప్పనివ్వరే!" మహారాజు మొహం ఎర్రబడింది. గెలవాలనే పట్టుదలలో పుస్తకాలన్నీ మరిచి, మనసులో ఉన్నది బయటపెట్టేశారు. "విను. నాకు అయిదేళ్ళప్పుడు మా నాన్నగారు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పొద్దున్నే నాన్నగారేరని అడిగేవాణ్ణి. మా దాది ఏమనేదో తెలుసా? 'రాత్రి వచ్చారు బాబూ, మీరు నిద్రపోతుంటే తల నిమిరి వెళ్ళారు. అన్నం తినమన్నారు' అనేది. ఆయన తినమన్నారని తినేవాణ్ణి. దీనికి చెప్పు జవాబు!"

చిన్నప్పటి ఆకలి మల్లుభట్టుకూ తెలుసు. అయినా పేరిందేవి మూట కళ్ళముందు మెదిలి, గుండె దిటవు చేసుకున్నాడు.

"నిజం ఏనాటికైనా తెలుస్తుంది. తెలిసిన రోజున పిల్లవాడి మనసు విరుగుతుంది. కాబట్టి ఆ దాదిని పొలిమేర దాటించాలి."

"కుదిరింది! కుదిరింది!"

"కుదరలేదు!" మహారాజు పీట మీంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డారు. "మనసు విరిగింది, నిజమే. ఆమెను కోట నుంచి పంపేశాను. ఈనాటికీ మాట్లాడలేదు. అబద్ధమంటే నాకు మంట పుట్టింది అందుకే. అయినా... ఆ అన్నం తినకపోతే నేను బతికేవాణ్ణి కాదు. నీ జవాబు కుదరలేదు!"

"అది తమ జవాబే ప్రభూ" అన్నాడు మల్లుభట్టు మెల్లగా. "పీట మీద ఉన్నవారికి కుదరలేదంటే, ఆచారం ప్రకారం శాసనం చెల్లదు."

మహారాజు నిర్ఘాంతపోయారు. "అయితే ఇక అందరూ అబద్ధాలాడవచ్చునా?" అన్నారు.

"అబద్ధం మంచిదని నేను అనలేదు మహారాజా. ఈ జవాబు చాలలేదని తమరే అన్నారు, అంతే. సరిపోయే జవాబేదో నాకూ తెలియదు. అది దొరికేదాకా పీట ఇక్కడే ఉండనివ్వండి. పేరిందేవమ్మను కూడా."

అంతే, మహారాజుకు నవ్వు పొంగుకొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వారు. "నా గోతిలో నన్నే పడేశావు కదయ్యా!" అంటూ చేతి కంకణం తీసి అతనికి తొడిగారు. గుమ్మం దగ్గరున్న పేరిందేవిని పిలిచి పీట మీద కూర్చోమన్నారు.

"నీ శిక్ష రద్దు చేశానమ్మా. ఇంకేమైనా అభ్యంతరం ఉందా?"

వందిమాగధుల నోళ్ళు తెరుచుకున్నాయి. మహారాజు ఒక్క చూపు చూసేసరికి టక్కున మూసుకున్నాయి.

పేరిందేవి కొంగు సర్దుకుంది. "ఒక్కటుంది బాబూ. ఆ దాది ఇంకా ఉందా?"

"ఉంది. కొండ కింది పల్లెలో."

"మీకు కోపం పోయిందని ఆమెకెవరు చెబుతారు?"

మహారాజు నవ్వు ఆగిపోయింది. "పల్లకీ పంపుతాను" అన్నారు. ఆమె పీట మీంచి కదలలేదు. మహారాజు తల దించుకుని, "నేనే వెళ్తాను. ఇవాళే వెళ్తాను" అన్నారు. ఆయన కళ్ళు తడిశాయి.

"అయితే కుదిరింది బాబూ" అని పేరిందేవి లేచి, వంటశాలకు వెళ్ళి మూట విప్పుకుంది.