మధురమనని మహర్షి

పూర్వం త్రేతాయుగంలో, రేవానదీతీరాన, పుట్టుక తెలియని మాటను పలకనని అగ్నిసాక్షిగా వ్రతం పట్టి, దేవతలు చెప్పినా వినని వాగ్యతుడనే మొండి మహర్షి ఉండేవాడు. నైవేద్యమైన పాయసాన్ని యజమాని రుచిచూసి "మధురం" అన్నాకే ఇల్లాలు ముట్టాలన్నది ఆ ఆశ్రమధర్మం. ఒకనాడు ఆ మాట నాలుకదాకా వచ్చి, దాని పుట్టుక తనకు తెలియదని తోచగా, ఆ తపోధనుడు గిన్నె దించి, దండకమండలాలు పుచ్చుకొని, వెనుదిరిగి చూడక, ఆ పుట్టుకను వెతుకుతూ దేశాలమీద పడ్డాడు. ఆయన ఇల్లాలు, సాధ్వీమణి సుమనస వండిన పాయసం చల్లారిపోయింది. నాటినుంచి ఆమె నిత్యమూ వండి, నివేదించి, నదిలోని చేపలకు వేసి, తాను కందమూలాలతో కాలం గడిపింది.

అడవిజనులు తీపిని తేనెపట్టు పేరుతో పిలిచారు. కొండవారికి ఆ మాట చనుబాలనుంచి పుట్టింది. ఒకరిది మరొకరిదానితో కలవక, ఏ పొయ్యి దగ్గరా రెండోపూట కూర్చోక, పన్నెండేళ్ళు తిరిగిన ముని సముద్రతీరాన ఒక జాలరి అవ్వను అడిగాడు.

"ఉప్పునీళ్ళ పక్కన బతికేవోళ్ళం సామీ. ఏటినీళ్ళ పేరే మాకు తీపి. మా ముసలోడు పోయినకాణ్ణించి ఆ మాట నేనన్లేదు. నీళ్ళు తాగతానే ఉండా. ఎవురితో అనేది? నీకు ఇంటికాడ ఎవురన్నా ఉండారా?"

 సర్వశాస్త్రవేత్త సిగ్గుతో తలవంచుకొని ఆ క్షణమే రేవాతీరానికి మళ్ళాడు.

జుట్టు నెరసిన సుమనస పాయసం వడ్డించింది. మహర్షి రుచిచూసి "మధురం" అన్నాడు.

"పుట్టుక తెలిసిందా స్వామీ?"

"తెలియలేదు దేవీ. వ్రతం చెడింది. నిన్ను ఇన్నాళ్ళు ఒంటరిని చేసిన వ్రతం చెడటమే మంచిది."

"అందులో బెల్లం లేదు," అన్నది సుమనస కన్నీళ్ళతో. "మీరు వెళ్ళిన రెండో ఏడే వేయడం మానేశాను."

అంతట అగ్నికుండం ప్రజ్వరిల్లి, శ్వేతాంబరధారిణి వాగ్దేవి ప్రత్యక్షమై, "వత్సా, ఆ మాటకు దేశానికొక పుట్టుక. అన్నీ నిజమే. నీకు వ్రతభంగదోషం లేదు. వరమడుగు," అన్నది.

"తల్లీ, ఈమె ఒంటరిగా తినే పూట ఇక రాకుండుగాక."

"తథాస్తు," అని దేవి అంతర్ధానమైంది. ఆశ్రమధర్మం తిరిగి నిలబడింది. ఈ కథ విన్నవారు వండిపెట్టినవారితో ఒక మాట చెప్పి విస్తరిముందునుంచి లేవాలని పెద్దల ఆజ్ఞ.

ఆనాడు సుమనస పాయసం తింటూ, బెల్లం లేదని మళ్ళీ అన్నది. ఆయన మళ్ళీ మధురమన్నాడు.