గాల్లో బిగించిన బోల్టు

“ఈ వర్క్‌షాపు మా నాన్నగారి ప్రాణం. నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం దీని మీద ఎవడి చెయ్యీ పడదు.” మా పాలిటెక్నిక్ ఛైర్మన్‌గారు ఈ మాట ఆయుధపూజ నాడు అన్నారు. లేత్ మిషను ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ తడి చేతులతోనే మా అందరికీ దండం పెట్టి మరీ అన్నారు. వేసవి సెలవులు ముగించుకుని మేము కాకినాడ తిరిగొచ్చేసరికి వర్క్‌షాపు గోడల మీద ఎర్రరంగు గుర్తులున్నాయి. టేపులు పట్టుకున్న మనుషులు లోపల కొలతలు తీస్తున్నారు. అక్కడ ఫంక్షన్ హాలు వస్తుందట. ఇక మీదట ఇంజను గురించి తెర మీద బొమ్మలు చూసి నేర్చుకోవాలట. కుర్చీ అదే, కూర్చున్న మనిషీ ఆయనే. ఈత గురించి పుస్తకం చదివించి గోదాట్లోకి తోసేదాన్ని చదువంటారో ఇంకేమంటారో పెద్దలే చెప్పాలి.

మేము గేటు దగ్గర బైఠాయించాం. చర్చలు చాలు, చర్య కావాలన్నాం. మాలో గొంతున్నవాడు పరదేశి, ఆటోమొబైల్ చివరి సంవత్సరం. ఛైర్మన్‌గారు అతణ్ణి లోపలికి పిలిపించి, కుర్చీ వేయించి, అంతవరకూ లేని ఒక పదవిని అతని కోసమే పుట్టించారు: విద్యార్థుల కోఆర్డినేటర్. ఒక గది ఇస్తారు, కమిటీ మీటింగుల్లో చోటిస్తారు. బదులుగా గేటు ఖాళీ చెయ్యాలి. ఇక మీదట మా మాట ఏదైనా పరదేశి ద్వారానే ఆయనకు చేరాలి. మాలో సగం మంది దీన్ని విజయం అన్నారు. మిగతా సగం, అందులో నేనూ ఉన్నాను, దీన్ని కొనుగోలు అన్నాం. సర్దుబాటు అనేది లొంగుబాటుకు ముద్దుపేరని గోడ మీద రాశాం. పరదేశి పిరికివాడు కాడు, అమ్ముడుపోయేవాడూ కాడు. చిక్కంతా అక్కడే ఉంది. మంచివాడు మెత్తబడితే ఉద్యమానికి తగిలే దెబ్బ ద్రోహి కొట్టే దెబ్బ కంటే పెద్దది. అతను ఎటూ తేల్చుకోలేక సలోమి మేడం దగ్గరకు వెళ్లాడు.

సలోమి మేడం మా వర్క్‌షాపు సూపరింటెండెంట్. వాదనకు దిగితే స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్‌గారు మంచినీళ్లు అడిగేదాకా వదలరు. కాని విద్యార్థి ప్రశ్న వేస్తే మాత్రం వాదించరు, చేతికి పానా ఇస్తారు. ఆ రోజూ అదే జరిగింది.

“మేడం, లోపలికి వెళ్లి పోరాడటం తప్పా? బయట నిలబడి అరిచేకంటే, పక్కన కూర్చుని చెబితే వింటారేమో కదా?” అని అడిగాడు పరదేశి.

మేడం షెడ్డులో నిలబెట్టి ఉన్న ఎర్ర కారును చూపించారు. అది ఛైర్మన్‌గారి తండ్రి వాడిన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. ట్రస్టు పెద్దల బళ్లన్నీ ప్రాక్టికల్ క్లాసు పేరుతో మా షెడ్డుకే రావడం కాలేజీ పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆచారం. స్ట్రైకు ఆ ఆచారాన్ని ఆపలేదు. ఆ ఎర్ర కారును స్టార్టు చేస్తే ఒళ్లంతా చలిజ్వరం వచ్చినట్టు వణికేది. అద్దంలో ఒక్కొక్కరూ ఇద్దరిద్దరుగా కనబడేవాళ్లు. గేరు మార్చినప్పుడల్లా కింద దభీమని చప్పుడు. ఇంజనుకూ చట్రానికీ మధ్య ఉండే మౌంటింగ్ రబ్బర్లు పోయాయి. ఇంజను బరువు మోసేవీ, దాని వణుకు మనిషిదాకా రాకుండా ఆపేవీ అవే.

“ముందు ఇవి మార్చు. నీ సంగతి తర్వాత చూద్దాం,” అన్నారు మేడం.

“అప్పుడే డ్యూటీలో చేరిపోయావేంట్రా లీడరూ?” అన్నాడు మా ఫరీద్. పరదేశి విననట్టే పనిలోకి దిగాడు. ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి, జాకీతో పైకెత్తి, పాత రబ్బర్లు ఊడదీశాడు. నూనె తాగి తాగి, కుంగిపోయి, అంచులు పెచ్చులూడుతున్నాయి. కొత్తవి పెట్టాడు. ఇక్కడ మేడం మొదటి ఏడాదిలోనే నేర్పే పద్ధతి ఒకటుంది. బోల్టులు ముందు చేత్తో తిప్పి వదిలెయ్యాలి. ఇంజనును కిందికి దించి, కారును అటూ ఇటూ ఊపి, కాసేపు ఇంజను ఆడనిచ్చి, బరువు పూర్తిగా కూర్చున్న తర్వాతే పానాతో బిగించాలి. కాని ఆ కారులో చోటు తక్కువ. ఇంజను దిగిందంటే పైనుంచి పానా దూరదు. కింద వెల్లకిలా పడుకుని, కంటికి కనబడని బోల్టును చేత్తో వెతుక్కుని బిగించాలి.

అంతలో ఛైర్మన్‌గారు వచ్చారు. బీచ్‌లో పాత కార్ల ప్రదర్శన ఉందట.

“ఏవోయ్, ఇంకా కాలేదా?”

“దించి బిగించాలి సార్. బరువు కూర్చోవాలి.”

“పైన ఉండగా చెయ్యి చక్కగా అందుతోందిగా? ఇప్పుడే బిగించెయ్. కూర్చునేది తర్వాత అదే కూర్చుంటుంది.”

పరదేశి మేడం వైపు చూశాడు. మేడం గుడ్డముక్కతో చేతులు తుడుచుకుంటున్నారు. అవుననలేదు, కాదనలేదు. అతను ఇంజను గాల్లో ఉండగానే బోల్టులు బిగించి, తర్వాత దించాడు. స్టార్టు చేస్తే వణుకు లేదు. అద్దంలో ఒక్క ఛైర్మన్‌గారే కనబడ్డారు. “చూశావా! ఇలాంటి పనిమంతుడే నా పక్కన ఉండాలి,” అని పరదేశి భుజం తట్టి, కారెక్కి వెళ్లిపోయారు.

మాకు మేడం మీద ఒళ్లు మండింది. తప్పు జరుగుతుంటే మౌనంగా చూడటం తప్పులో భాగం కాదా అని నేను మొహాన్నే అడిగేశాను. ఆవిడ నన్ను పట్టించుకోలేదు. పరదేశితో మాత్రం, “ఆ కారు మళ్లీ వచ్చేదాకా ఆ పదవికి ఊ అనకు,” అన్నారు.

“కొత్త రబ్బర్లు కదా మేడం, ఎందుకొస్తుంది?”

“రాకపోతే మంచిదే. అప్పుడు వెళ్లి గదిలో కూర్చో.”

నెల తిరక్కుండానే వచ్చింది. అదే వణుకు, అదే చప్పుడు. వెనకాలే ఛైర్మన్‌గారు, నాసిరకం సరుకు వేశారని కేకలు. పరదేశి ఇంజను ఎత్తి రబ్బరు ఊడదీశాడు. ఒక పక్కన ఏటవాలుగా చీలిపోయి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది అరిగి చిరగలేదు మేడం. మెలి తిరిగి చిరిగింది.”

“ఎప్పుడు తిరిగింది మెలి?”

పరదేశి ఆ చీలిక వెంట వేలు పోనిచ్చాడు. “నేను బిగించినప్పుడు. అప్పటికి దీని మీద బరువే లేదు. బరువు దిగేసరికి కదిలే వీల్లేక మెలిపడింది.”

“గాల్లో బిగిస్తే పానాకు సుఖం,” అన్నారు మేడం. “రబ్బరుకు జన్మంతా మెలే.”

ఛైర్మన్‌గారికి ఈ ముచ్చట్లు వినే ఓపిక లేదు. “సరే, ఈసారైనా సరిగ్గా చెయ్యండి. పరదేశీ, ఇది కాగానే ఆఫీసుకు రా. సోమవారం మీటింగు. నువ్వొచ్చి నా పక్కన కూర్చుంటే ఈ గేటు గోల తీరిపోతుంది.”

పరదేశి కొత్త రబ్బర్లు పెట్టాడు. బోల్టులు చేత్తో తిప్పి వదిలేశాడు. ఇంజను దించాడు. తర్వాత మా వైపు తిరిగి, “రండ్రా, ఓ చెయ్యెయ్యండి,” అన్నాడు. ఆ కారును ముట్టుకోం అని ఒట్టు పెట్టుకున్నవాళ్లం, నలుగురం తలో పక్కా పట్టుకుని ఊపాం. ఇంజను కాసేపు ఆడింది. ఆపేశాక అతను కిందికి దూరి, కనబడని బోల్టులను వెతుక్కుని బిగించాడు. బయటికొచ్చేసరికి వేళ్ల కణుపులు గీరుకుపోయి నెత్తురు కారుతోంది.

“మరి ఆఫీసుకు పద,” అన్నారు ఛైర్మన్‌గారు.

“రాను సార్. మీరు నన్ను గాల్లో బిగిస్తున్నారు. నా మీద ఇంకా ఎవరి బరువూ దిగలేదు.”

“ఏం మాటలయ్యా ఇవి?”

“ముందు గేటు దగ్గరకు వెళ్తాను. వాళ్లు నన్ను పెట్టుకుంటే అప్పుడు మీ దగ్గరకొస్తాను. గది వద్దు. మీ మాట వాళ్లకీ, వాళ్ల మాట మీకూ, అందరి ముందే చెబుతాను.”

“అలాంటి పదవి ఈ కాలేజీలో లేదు.”

“మొన్నటిదాకా కోఆర్డినేటరు పదవీ లేదు కదండీ,” అన్నాడు ఫరీద్, కారుకు ఆనుకునే.

గేటు దగ్గర పరదేశిని ఎవరూ పూలదండతో ఎదుర్కోలేదు. ఇన్నాళ్లూ ఎందుకు ఊగిసలాడావని నిలదీశారు. గది చూసి మనసు పోయిందా అని ఒకమ్మాయి మొహం మీదే అడిగింది. కొంచెం పోయిందని ఒప్పుకున్నాడు. ఏ మాటా మమ్మల్ని అడగకుండా ఇవ్వనని అందరి ముందూ చెప్పాడు. ఆ తర్వాతే చేతులు లేచాయి. అన్నీ లేవలేదు, చాలినన్ని లేచాయి. స్కూటరు మీద ఇంటికెళ్తున్న సలోమి మేడం గేటు దగ్గర గుంపు చూసి ఆగారు. పరదేశి ఆవిడ దగ్గరకు నడిచాడు.

“మేడం, ఇంతమంది బరువు. నేనూ చిరిగిపోతే?”

“మారుస్తారు,” అన్నారు మేడం, స్కూటరు స్టార్టు చేస్తూ. “రబ్బరు ఉన్నది మార్చడానికేరా.”

ఆ సాయంత్రం మేమందరం కలిసి పరదేశి నోట అడిగించిన ప్రశ్న ఒక్కటే: వర్క్‌షాపు ఉంటుందా, కూలుతుందా? ఛైర్మన్‌గారు జవాబు చెప్పాల్సింది గదిలో కాదు, గేటు దగ్గర, అందరి ఎదుట. గడువు ఆగస్టు ముప్పై ఒకటి.