కోటిలింగం మొలలు, ఇంటిల్లిపాది వైద్యం

ఊళ్ళో అందరికీ ఒక మాట పదిసార్లు చెప్పాలి. టైలరు కోటిలింగం ఇంట్లో ఒక్కసారి చెబితే చాలు, చెప్పింది చెప్పినట్టు జరిగిపోతుంది. అందుకే తమంత తెలివైనవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని కోటిలింగానికి గట్టి నమ్మకం. తమ్ముళ్ళు పైడయ్య, దాలయ్య కూడా అదే అనుకుంటారు, అన్నయ్య అన్నాడు కాబట్టి.

పొద్దస్తమానం మిషను ముందు కూర్చునే మనిషి కదా, పాపం, కోటిలింగానికి దొడ్డికెళ్తే రక్తం పడటం మొదలైంది. చూస్తే దాలయ్య పెళ్ళి దగ్గరపడింది. ఎన్నాళ్ళకో కుదిరిన సంబంధం. ఈ ముహూర్తం దాటితే మూఢం, ఆ పైన ఆగేది లేదని పిల్ల తండ్రి సత్తిరాజు ముందే తేల్చేశాడు. కోటిలింగానికి బెంగతో అన్నం సయించలేదు.

"లోపలి మొలలు. మొదట్లోనే ఉన్నాయి, ఆపరేషన్ అక్కర్లేదు" అన్నాడు డాక్టరు. "నీళ్ళు బాగా తాగండి, ఆకుకూరలు తినండి. ముఖ్యంగా మీరు ముక్కకూడదు."

కోటిలింగం ముక్కలేదు. ఎంతసేపు కూర్చున్నా పని కాలేదు.

"అన్నయ్యా, నిన్ను వద్దన్నాడు గానీ మమ్మల్ని వద్దనలేదుగా!" అన్నాడు తలుపు అవతల్నించి పైడయ్య.

ఇంకేముంది! ఆ రోజు నుంచి అన్న లోపల ఊరికే కూర్చునేవాడు, తమ్ముళ్ళిద్దరూ గుమ్మం ముందు గొంతుక్కూర్చుని మొహాలు కందిపోయేలా ముక్కేవారు. "ఇంకాస్త గట్టిగారా" అని లోపల్నించి కోటిలింగం అదిలించేవాడు. దాలయ్య మరీ ఒళ్ళు దాచుకోకుండా కష్టపడ్డాడు.

రక్తం తగ్గలేదు. డాక్టరు ఈసారి లోపలి మొలకి చిన్న రబ్బరు బ్యాండు వేశాడు. "రక్తం అందక ఎండిపోతుంది, కొన్నాళ్ళకి రాలిపోతుంది" అన్నాడు.

ఎండాలంటే ఎండ కావాలి కదా. అంతే, కోటిలింగం భార్య నూకాలు మొగుణ్ణి డాబా మీద వడియాల పక్కన బోర్లా పడుకోబెట్టి, పంచె పైకి లాగింది. రాలింది పోకుండా కింద పాత చీర పరిచింది. కాకులు వాలకుండా పైడయ్య కర్ర పట్టుకుని కూర్చున్నాడు. ఎదురింటివాళ్ళు డాబా మీంచి పలకరిస్తే, "ఇంకా పచ్చిగానే ఉన్నారండీ" అనేది నూకాలు.

మొల రాలిపోయింది. మెప్పంతా ఎండకి దక్కింది. అమ్మయ్య అనుకునేలోపు దాలయ్య కూర్చోలేనన్నాడు. అన్న కోసం ముక్కీ ముక్కీ వాడికొచ్చింది!

డాక్టరు దాలయ్యని పరీక్ష చేశాడు. "చిన్నదేనయ్యా. రోజూ గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో పావుగంట కూర్చో. చల్లారనివ్వకు, మధ్యలో లేవకు."

"పెళ్ళి రోజు కూడానాండీ?" అన్నాడు కోటిలింగం.

"రోజూ అన్నానుగా!"

పెళ్ళిమండపంలో పీటల మీద ఎర్ర ప్లాస్టిక్ టబ్బు పెట్టారు. అందులో బాసికం కట్టుకుని దాలయ్య. పంతులుగారు మంత్రాలు మొదలుపెట్టారు. కోటిలింగం నీళ్ళలో వేలు పెట్టి చూశాడు. చల్లారిపోయాయి. అటూ ఇటూ చూస్తే ఎదురుగా హోమగుండం!

"పైడిగా, పట్టరా ఆ పక్క!"

అంతే. పెళ్ళికొడుకుతో సహా టబ్బు నిప్పుల మీదకెక్కింది. మరుక్షణం అడుగు కరిగి నీళ్ళు బుస్సుమన్నాయి, హోమం చల్లారింది, మండపమంతా బూడిద నీళ్ళు. సత్తిరాజు మండిపడుతూ లేచాడు. పెళ్ళి తప్పిపోయిందే అని కోటిలింగం ఏడుపు మొహం పెట్టి, అలవాటుగా నీళ్ళలో వేలు పెట్టాడు. మొహం వెలిగిపోయింది.

"సరిగ్గా గోరువెచ్చగా ఉన్నాయి మావగారూ!"

సత్తిరాజు ఆగిపోయాడు. దగ్గరికొచ్చి మెల్లగా, "ఇవి నా మొలలకి కూడా పనిచేస్తాయా?" అన్నాడు.

"ఎవరికైనా పనిచేస్తాయి. పావుగంట లేవకూడదు."

సత్తిరాజు పంచె ఎగ్గట్టి నీళ్ళలో చతికిలపడ్డాడు. ఆయన్ని చూసి ఆడపెళ్ళివారంతా కూర్చున్నారు. "నిప్పు రాజెయ్యండయ్యా, ముహూర్తం దాటిపోతోంది!" అని పంతులుగారు గగ్గోలు పెట్టారు.

పావుగంట అయ్యేదాకా ఒక్కరూ లేవలేదు.