చావింటి గుమ్మంలో కొత్త మాట

నందిసేనుడు కొండ దిగి ఆరామానికి వచ్చేసరికి నిలువునా తడిసిపోయి ఉన్నాడు. బట్టలైనా మార్చుకోకుండా నేరుగా గురువు సంఘపాలుడి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

"ఆచార్యా, నా మాట ఆ ముసలాయనకి ఎక్కలేదు. తప్పెక్కడుందో తెలియడం లేదు" అన్నాడు.

ఆ మాట సంగతి కొంచెం చెప్పుకోవాలి. బుద్ధుడి బోధను కొండవాళ్ళ భాషలోకి మార్చే పని సంఘం ఈ యువభిక్షువుకి అప్పగించింది. ఏళ్ళ తరబడి అతను కొండెక్కి, ముసలి మంగడి అరుగు మీద కూర్చుని ఆ భాష నేర్చుకున్నాడు. ఏ ధాతువు నుంచి ఏ మాట పుడుతుందో, ఏ ప్రత్యయం తగిలిస్తే అర్థం ఎటు తిరుగుతుందో అతనికి కొట్టిన పిండి. అంతా బాగానే ఉంది గానీ, 'ఓదార్పు'కి ఆ భాషలో మాటే దొరకలేదు. దొరకలేదని ఊరుకునే మనిషా! 'బరువు'కి 'దించడం' జోడించి, వాళ్ళ పద్ధతిలోనే ఒక కొత్త మాట కట్టాడు. కట్టి మురిసిపోయాడు.

అంతలో మంగడి కూతురు జ్వరంతో చనిపోయింది. ఆయనకి ఉన్నది ఆ పిల్ల ఒక్కతే.

"వెళ్ళి ఏం చేశావు?" అని అడిగాడు గురువు.

"వాగు పొంగి అవతలి గూడెంవాళ్ళెవరూ రాలేకపోయారు. నేనొక్కణ్ణే వెళ్ళాను. ఆ మాట చెప్పాను. ఆయన అర్థం కానట్టు చూశాడు. అందుకని విడదీసి చెప్పాను, మొదటిది 'బరువు', రెండోది 'దించడం', మధ్యలోది మీరు రోజూ వాడే ప్రత్యయమే అని. తలూపుతూ అంతా విన్నాడు. మనిషి ఏమీ తిన్నట్టు లేదు. నేను లేచేదాకా నా మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు."

బిడ్డను పోగొట్టుకున్న మనిషికి వ్యాకరణపాఠం చెప్పి వచ్చాడు మహానుభావుడు! అయినా తిట్టడానికి మనసొప్పదు. నిజంగానే ఆ ముసలాయన బరువు దించాలని అంత వానలో కొండెక్కాడు పాపం.

సంఘపాలుడు "ఆ కొండమీద చావింటికి వెళ్ళినవాళ్ళు ఏం చేస్తారు?" అని అడిగాడు.

ఈ ప్రశ్నకి జవాబు నందిసేనుడికి నోటికొచ్చు. నిరుడు ఏదో క్రియ గురించి అడిగితే మంగడే ఉదాహరణగా చెప్పిన వాక్యం అది. దాన్ని కొండభాషలో గడగడా అప్పజెప్పి, అర్థం చెప్పడం మొదలుపెట్టాడు.

"వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి, పోయినవాళ్ళని పేరుపెట్టి పిలుస్తారు. అలా పిలిచాకే ఆ ఇంట్లో పొయ్యి వెలిగిస్తారు. ఇందులో క్రియ చివర..."

అక్కడ ఆగిపోయాడు.

గురువు ఒక తాటాకూ గంటమూ తీసి అతని ముందు పెట్టాడు.

"ఆ పిల్ల పేరు రాయి, నాయనా."

నందిసేనుడు గంటం పట్టుకున్నాడు. ఎన్నిసార్లు ఆ పిల్ల పోసిన జావ తాగాడో లెక్కలేదు. గంటం ఆకు మీద ఆనలేదు.

"తెలియదు, ఆచార్యా" అన్నాడు చివరికి.

"వెళ్ళి అడుగు. అక్కడ పొయ్యి ఇంకా వెలిగి ఉండదు."