వరుస చివర నిలబడిన కడచుక్కమ్మ

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఏడు లంకలున్నాయి. వాటిలో అన్నిటికంటే బయట, ఇక దాటితే నీళ్ళే అన్నచోట ఉన్నది కడలంక. రేవు నుంచి మరపడవలో రెండు గంటల ప్రయాణం. పోటు మీద వచ్చిన పడవ ఒడ్డుకు ఆనుకుంటుంది. ఆటు వేళ వచ్చినవారు మాత్రం మోకాలి లోతు బురదలో దిగి నడవవలసిందే. చెప్పులు చేత పట్టుకోవడం మంచిది. ఈ బురద ఎవరి హోదానూ అడగదు.

బురద దాటగానే చెక్కబాట మొదట్లో ఒక నల్లరాయి కనిపిస్తుంది. నడుము ఎత్తు ఉంటుంది. దానికి నీలం చీర కట్టి ఉంటుంది. పైకప్పు లేదు, గోపురం లేదు, తలుపు అసలే లేదు. కొత్తగా వచ్చినవారు దూరం నుంచి చూసి, ఎవరో ముసలామె వరుసలో నిలబడి ఉందనుకుంటారు. వారు అనుకున్నది నిజమే. ఆమే కడచుక్కమ్మ. ఈ క్షేత్రంలో అమ్మవారు గర్భగుడిలో ఉండదు, వరుస చివర ఉంటుంది. ఆమెకు ముందు, చెక్కబాట పొడవునా, భక్తులు నిలబడతారు. బాట చివర ఉన్న తాటాకుల పాకే గర్భగుడి. అందులో విగ్రహం లేదు. ఒక పొయ్యి, పొయ్యి మీద బాన, బాన మెడ నుంచి దిగే వెదురు గొట్టం, గొట్టం మూతి కింద వేలాడే గుడ్డమూట ఉన్నాయి. ఆ మూటలోంచి చుక్కచుక్కగా వడిసి దిగే సుగంధసారాయే ఇక్కడి తీర్థం.

ఇక్కడ ప్రత్యేక దర్శనం లేదు. టికెట్టు లేదు. ముందు వచ్చినవారు ముందు నిలబడతారు, వెనక వచ్చినవారు వెనక నిలబడతారు. అందరికీ ఒకే కొలత, ఒక ఆల్చిప్పెడు. ఇంత సులువైన న్యాయం దేశంలో ఇంకెక్కడా ఎందుకు లేదని యాత్రికులు ఆశ్చర్యపోవడం కద్దు. దానికి సమాధానం కడలంక దగ్గర లేదు. ఇక్కడ ఎలా వచ్చిందన్నది మాత్రం ఉంది.

పూర్వం ఈ లంకలో ఏడు గడపలుండేవి. అప్పటికి గుడి లేదు, అమ్మవారు లేదు. తాడిచెట్లు, మడ అడవి, ఒక మంచినీళ్ళ బావి ఉండేవి. ధనకొండ అనే ఆమె తాటిబెల్లం పులియబెట్టి ఊటవేసి, పది రోజులకొకసారి ఒక్క బాన సారా దించేది. బాన ఒక్కటే. పగిలితే మరొకటి చేయించడానికి ఒడ్డున కుమ్మరి ఉన్నాడుగాని, అంత పెద్ద బాన పగలకుండా పడవలో లంకకు చేరడం దాదాపు అసాధ్యం. మూడుసార్లు తెప్పించి మూడుసార్లూ పెంకులు దించుకున్నాక నాలుగో బాన దక్కింది. ఉప్పు పడవలవారు, చేపల పడవలవారు ఆ సారా తాగి, బదులుగా బియ్యం ఇచ్చేవారు. ఏడు గడపలవారూ బెల్లం వండేవారు, కట్టెలు కొట్టేవారు, బియ్యం పంచుకునేవారు. కాబట్టి ఆ బాన ధనకొండది కాదు. ఏడు పొయ్యిల అన్నం అందులో ఉడికేది.

దించే పద్ధతికి ధనకొండ పెట్టుకున్న నియమం ఒకటుంది. గొట్టంలోంచి మొదట దిగే ఆల్చిప్పెడు ఎవరూ తాగకూడదు. అది ఘాటుగా, ముక్కు పగిలే వాసనతో ఉంటుంది. తాగినవారికి చూపు పోతుంది. ఆమె మేనత్తకు అలాగే పోయింది. అందుకని తొలి చిప్ప దీపంలో పోసి వెలిగించేది. తరవాత దిగేదే మనుషులకు. అది కూడా ఉత్తది ఇచ్చేది కాదు. మరువం, వట్టివేరు, నారింజ తొక్క, దొరికితే సోపుగింజలు గుడ్డలో మూటకట్టి గొట్టం మూతికి వేలాడదీసేది. చుక్క వాటిలోంచి వడిసి దిగేసరికి ఘాటు తగ్గి, తోటలో వాన పడ్డ వాసన వచ్చేది. దానికోసమే పడవలవారు దారి మళ్ళించుకుని మరీ ఈ లంకకు వచ్చేవారు.

ఒక ఏడాది కార్తె మారే వేళ గాలివాన పట్టింది. రెండు పగళ్ళు వదలలేదు. మూడోనాటి ఉదయం తెరిపి ఇచ్చేసరికి లంక ఒడ్డున మూడు పడవలు చిక్కుకుని ఉన్నాయి. ఉప్పు మోసేవారు, తమలపాకుల బేరగాడు, పుట్టింటికి పోతున్న అక్కాచెల్లెళ్ళు, పెదగట్టు దొర, ఆయన బోయీలు దిగారు. మొత్తం పద్దెనిమిది మంది. తడిసి, పళ్ళు కొట్టుకుంటూ, ధనకొండ పొయ్యి పొగ చూసి పాక ముందుకు చేరారు. పల్లకీ మాత్రం నీళ్ళలోనే ఉండిపోయింది. దొరగారు జీవితంలో మొదటిసారి తన కాళ్ళమీద నడిచి వచ్చారని బోయీలు తరవాత చాలా ఊళ్ళలో చెప్పుకున్నారు.

ఊట సిద్ధంగా ఉంది. బాన పొయ్యి మీద ఉంది. కానీ ధనకొండ దాచుకున్న మరువం, వట్టివేరు అన్నీ వానకు కొట్టుకుపోయాయి. చుట్టాలొస్తే ఉత్త సారా పోయడం ఎలాగని ఆమె నొచ్చుకుంది. అప్పుడు తమలపాకుల బేరగాడు తన సంచీలో తడవకుండా మిగిలిన ధనియాలు గుప్పెడు తీసి ఇచ్చాడు. ఉప్పు మోసేవారు చద్దన్నంలోకి తెచ్చుకున్న అల్లం ఇచ్చారు. అక్కాచెల్లెళ్ళు ఒడిలో ఉన్న నిమ్మకాయలు ఒలిచి తొక్కలు ఇచ్చారు. గవరయ్య అనే బోయీ దగ్గర ఏమీ లేదు. అతడు మడ అడవి అంచుకు పోయి, ఉప్పుగాలికి బతికి ఉన్న తులసి రెమ్మ ఒకటి తెచ్చాడు. మూట నిండింది. దొరగారి నడుముకు వెండి ఆకుపెట్టె ఉంది. ఆయన దాని మూత తీయలేదు.

ఇచ్చినవారు ఇచ్చినట్టే ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. వరుస చివర ఒక ముసలామె ఉంది. నీలం చీర, చేతిలో ఒక ఖాళీ ఆల్చిప్ప. ఉప్పు పడవవారు ఆమె తమలపాకుల పడవలో వచ్చిందనుకున్నారు. తమలపాకుల పడవవారు దొర పడవలో వచ్చిందనుకున్నారు. బోయీలు ఆమె లంక మనిషి అనుకున్నారు.

గొట్టం మూతిన తొలి చుక్క మెరిసింది. దొర వరుసను పక్కకు నెట్టి ముందుకు వచ్చి, తొలి చిప్ప తనదన్నాడు. అది దీపానికి పోసేదనీ, తాగితే చూపు పోతుందనీ ధనకొండ చెప్పింది. దొర నమ్మలేదు. తనకంటే దీపం ఎక్కువా అన్నాడు. ఇన్నేళ్ళలో ఏ ఇంటా తనకు రెండోది పెట్టలేదన్నాడు. చిప్ప నిండగానే అది తన చేతికి రాకపోతే చేతికర్రతో బాన పగలగొడతానన్నాడు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి. బోయీల వీపులు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

చుక్కలు పడుతున్నాయి. గవరయ్య మెల్లగా ధనకొండ పక్కకు వచ్చి చెవిలో, "ఇచ్చెయ్యి అక్కా. నోరారా అడిగేడు కదా. పాపం ఆడిదే," అన్నాడు.

చదివేవారిలో కొందరికి గవరయ్య మాటే న్యాయమనిపిస్తుంది. అనిపించడంలో తప్పు లేదు. ఆమె ఇవ్వకపోతే ఏడు గడపల అన్నం పెంకులైపోతుంది. ఇస్తే ఒక దుర్మార్గుడు చీకటిలో పడతాడు, అదీ తన మొండితనం వల్లనే. ధనకొండ చిప్ప వంక చూసింది, బాన వంక చూసింది.

"నా లంకలో దిగినోడు నా చుట్టం గవరయ్యా," అంది. "చుట్టం చెడ్డోడైతే మాత్రం, నా చేత్తో కళ్ళు తీస్తానా?"

చిప్ప నిండింది. దొర కర్ర ఎత్తాడు. అప్పుడు వరుస చివరి నుంచి ముసలామె నడిచి వచ్చి, ధనకొండ చేతిలోని చిప్ప అందుకుంది. పొయ్యిలోంచి ఒక పుల్ల తీసి చిప్పకు తాకించి, పుల్ల కింద పడేసింది. సారా మంట పట్టపగలు కంటికి ఆనదు. చిప్పలో నీళ్ళలాంటి సారా తప్ప ఎవరికీ ఏమీ కనిపించలేదు.

"ఇదిగో నాయనా, నువ్వు కోరిన తొలి చిప్ప," అని ఆమె రెండు చేతులా దొర ముందు పెట్టింది.

దొర గర్వంగా వంగాడు. చుర్రుమంది. కుడివైపు మీసం సగం పోయింది. వెనక్కి గెంతి, వరుస అవతల ఉన్న నీళ్ళ కుండలో ముఖం ముంచాడు.

"కనపడని మంట మూతికి తగిలితే ఇంతే. కడుపులోకి పోతే చూపు పోయేది," అని ముసలామె చిప్పలో మిగిలినది దీపపు కుందెలో పోసి, మళ్ళీ వరుస చివరికి వెళ్ళి నిలబడింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఏమవుతుందో అందరికీ తెలుసు. దొర కుండలోంచి తల ఎత్తి, కారుతున్న నీళ్ళతో, సగం మీసంతో, కర్ర పట్టుకుని బాన మీదికి వచ్చాడు. బోయీలను పిలిచాడు. ఒక్కరూ వరుస వదిలి రాలేదు. ఉప్పు మోసేవారు కదల్లేదు. అక్కాచెల్లెళ్ళు కదల్లేదు. అరిచినవారు లేరు, చెయ్యెత్తినవారు లేరు. ఉన్నచోట ఉన్నట్టు నిలబడ్డారు. బానకూ దొరకూ నడుమ ఆ వరుస గోడలా ఉంది. అప్పుడు గవరయ్య, పదిహేనేళ్ళుగా ఆ మనిషిని భుజాన మోసిన గవరయ్య, తల తిప్పి చూసి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"దొరా, తమరి వంతు నా వెనకాలండి."

చెల్లెలు ముందుగా నవ్వింది. ఆపుకోవాలని చూసి, కుదరక, అక్క భుజంలో ముఖం దాచుకుని నవ్వింది. ఆ తరవాత ఎవరు ఆపగలరు? పద్దెనిమిది మందిలో పదిహేడుగురు నవ్వారు. దొర కర్ర నేలకు దిగింది. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, వేరే దారి లేక, వెళ్ళి గవరయ్య వెనక నిలబడ్డాడు.

ఒడ్డున వేసిన కొన్ని పుస్తకాల్లో పెదగట్టు దొర దయతలచి బానను వదిలేశాడని రాశారు. అది తప్పు. యాత్రికులు దయచేసి దానిని నమ్మవద్దు. ఈ బాన ఏ దొర దయ మీదా నిలవలేదు. చేతిలో గడ్డిపరక కూడా లేని మనుషులు తమ వంతు వదలకుండా నిలబడితే నిలిచింది.

నిలబడ్డాక దొర కొంత మారాడన్నది మాత్రం ఒప్పుకోవాలి. వరుసలో ఉన్నవాడికి ముందువాడి వీపు తప్ప చూడడానికి ఇంకేమీ ఉండదు. దొర ముందు ఉన్నది గవరయ్య వీపు. దానిమీద ఉన్నవి ఆయన కర్ర వాతలు. ఆయన చాలాసేపు చూశాడు. ఆ తరవాత ఆకుపెట్టె మూత తీసి, అందులోని ఏలకులన్నీ ముందువారి చేతుల మీదుగా మూటలోకి పంపాడు. వెనక్కి తిరిగి, "అవ్వా, పెద్దదానివి. నా ముందుకు రా," అన్నాడు. ఎవరికైనా తన చోటు ఇవ్వడం ఆయనకు అదే మొదలు.

"వద్దు నాయనా. నాకు చివరే బాగుంటుంది. ఇక్కడినుంచి అందరూ కనిపిస్తారు," అంది ముసలామె.

వరుస కదిలింది. ఆల్చిప్పలు నిండాయి. చలి వదిలింది. గవరయ్య తాగాడు, దొర తాగాడు. ముసలామె వంతు వచ్చేసరికి గొట్టం ఆరిపోయింది. ధనకొండ మూట పిండితే రెండు చుక్కలు దిగాయి. ఆమె సిగ్గుపడి, మామ్మా, ఇంతే మిగిలిందంది. ముసలామె ఒక చుక్క వేలితో తీసి నాలుకకు రాసుకుంది.

"అమ్మాయ్, నువ్వు తాగావా?" అని అడిగింది.

అందరికీ పోసే సందడిలో ధనకొండ తనకు ఉంచుకోలేదు. ఆ సంగతి అప్పటిదాకా ఆమెకే గుర్తు రాలేదు. ముసలామె రెండో చుక్క ఆమె నాలుక మీద పెట్టింది. ధనియాలు, అల్లం, నిమ్మ, తులసి, ఏలకులు అన్నీ ఒక్కసారే తెలిశాయట. ధనకొండ కళ్ళు మూసి తెరిచేసరికి ఎదురుగా ఎవరూ లేరు. వరుస చివర ఆమె మొదట నిలబడిన చోట, బురదలో ఒక ఆల్చిప్ప బోర్లించి ఉంది.

ఆ మధ్యాహ్నం ధనకొండ నడుము వాల్చగా ముసలామె కలలో కనిపించి, తాను ఈ లంకలోనే ఉండదలచానని చెప్పింది. గుడి కట్టవద్దంది. మెట్లు కట్టవద్దంది. "నన్ను ముందు పెడితే నా పేరు చెప్పి ఎవడో ముందుకొస్తాడు. నన్ను వెనకే ఉంచు," అంది. లేచి చూస్తే, ముసలామె నిలబడిన చోటే, చిప్ప కింద, నల్లరాయి తల కనిపించింది. ఏడు గడపలవారూ, పద్దెనిమిది మంది చుట్టాలూ కలిసి దానిని పైకి తీసి నిలబెట్టారు. దొర కూడా ఒక చెయ్యి వేశాడు.

నేటికీ అదే ఆచారం. ఏడు లంకల ఆడవారు వంతులవారీగా బాన ఎక్కిస్తారు. ఈ ఏడాది వంతు పెసంగి నాగులు గారిది. పది రోజులకు ఒక్క బాన, అంతకు మించి లేదు. యాత్రికులు తమ ఊరి వాసన గల వస్తువు ఏదైనా ఒక గుప్పెడు తెచ్చి మూటలో వేయాలి. వక్కపొడి తెచ్చేవారున్నారు, కరివేపాకు తెచ్చేవారున్నారు. ఒకాయన ఇంగువ తెచ్చాడు. ఆనాటి బానను లంకవారు ఇంకా మరచిపోలేదు. కాబట్టి ఏ బానా ముందటి బానలా ఉండదు. తొలి చిప్ప దీపానికి వెళుతుంది. సారా పుచ్చుకోనివారికీ, పిల్లలకూ అవే దినుసులు మరిగించిన నీళ్ళు అదే కొలతలో ఇస్తారు. సీసాల్లో పోసి ఇవ్వరు. ఆ మధ్య ఒక వ్యాపారసంస్థవారు వచ్చి దీనికి రంగు కాగితం అంటించి దేశమంతా అమ్ముతామన్నారు. నాగులు గారు సావధానంగా విని, గుప్పెడు ఏం తెచ్చారని అడిగారు. వారు ఏమీ తేలేదు. చివరికి మడ అంచున తులసి కోసుకొచ్చి వరుసలో నిలబడ్డారు.

తన వంతు ఇంకొకరు ఎగరేసుకుపోయారని బాధపడేవారు ఇక్కడ మొక్కుకుంటారు. రావలసిన ఉద్యోగం, దక్కవలసిన భూమి, వినవలసిన ఒక మంచిమాట, ఏదైనా సరే. అమ్మ వెనక నిలబడి ఉంటే ఎవరూ వెనక నుంచి తోసుకు రాలేరని నమ్మకం. అందరూ తాగాక చివరి చిప్పలో సగం నాగులు గారు పుచ్చుకుంటారు. మిగిలిన సగం అందరూ కలిసి చెక్కబాట వెంట తీసుకువెళ్ళి రాయి పాదాన పోస్తారు. అది పోసేవరకు పడవ కదలదు.

మొన్న మాఘంలో ఒక పంతులమ్మ గారు ఆటు వేళ దిగి, బురదలో రెండుసార్లు జారిపడి, అందరికంటే ఆలస్యంగా చేరారు. బాటంతా జనం. ఎంత పరుగెత్తినా తనకు ఎప్పుడూ చివరి చోటే రాసిపెట్టి ఉందని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పాకలోంచి నాగులు గారు చూసి, అక్కడినుంచే గొంతెత్తి చెప్పారు.

"మీరు చివర లేరండీ. ఓసారి వెనక్కి తిరగండి."

పంతులమ్మ గారు తిరిగారు. నీలం చీర కొంగు గాలికి ఎగిరి ఆవిడ భుజానికి తగిలింది.