భోజనం తర్వాత దర్బారు

మాణిక్యపురం రాజు వీరభూపతికి మధ్యాహ్నం భోంచేసి పడుకోగానే గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు వచ్చేవి. వంటవాడు సూరన్న కూరల్లో ఏదో కలుపుతున్నాడని అనుమానించి, అతన్ని చెరసాలలో వేయించాడు.

సూరన్న భార్య పైడమ్మ కోటకు వచ్చింది. "ప్రభూ, ఈ పూట మా ఆయన చేతే రోజూ వండే కూరలు వండించండి. భోజనం కాగానే నా మొర పూర్తిగా వినండి. అప్పుడు మంట పుడితే నన్నూ చెరలో పెట్టండి" అంది.

రాజు సరేనన్నాడు. గుత్తివంకాయ కూరతో కమ్మగా తిని వచ్చి కూర్చున్నాడు. పైడమ్మ తన పెళ్లిచూపులతో మొదలుపెట్టింది. అత్తగారి సాధింపులు, తప్పిపోయిన గేదె, పొరుగువాళ్లతో గోడ తగాదా, ఒక్కటీ వదల్లేదు. రాజు నడుం వాల్చబోయినప్పుడల్లా, "పూర్తిగా వింటానన్నారు ప్రభూ!" అని ఆపింది.

పొద్దు వాలాక అడిగింది. "ఏలినవారికి మంటగా ఉందా?"

రాజు రొమ్ము తడుముకున్నాడు. "లేదే!"

"వండింది ఆయనే, తిన్నది తమరే. రోజూ తిన్న వెంటనే పడుకునేవారు, ఇవాళ కూర్చున్నారు. అంతే తేడా."

రాజు సిగ్గుపడి సూరన్నను విడిపించాడు. "మరి రేపు నిద్ర ఆపుకుని కూర్చోవడమెలా?"

"ఊళ్లో మొరలకేం తక్కువ ప్రభూ! భోజనం కాగానే దర్బారు పెట్టండి."

కోట గుమ్మంలో ఏళ్ల తరబడి పడిగాపులు కాసినవాళ్లు మర్నాడే లోపలికి అడుగుపెట్టారు.